ఏ రొట్టె కావాలో అడగండి: దిగులు మనదైనా, పక్కవాళ్లదైనా

మొహర్రం నెలలో రొట్టెల పండుగ జరిగే రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున నిలబడితే కొన్ని మాటలు పదేపదే వినపడతాయి. "ఉద్యోగ రొట్టె ఎవరి దగ్గరుంది?" "సంతాన రొట్టె కావాలమ్మా." "ఇదిగో ఆరోగ్య రొట్టె, పట్టుకో." బారాషహీద్ దర్గా దగ్గరి ఆ నీళ్లలో నిలబడి, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు, తమ ఇంట్లో దేనికి లోటుందో పేరు పెట్టి చెప్తారు జనం. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు అదే రొట్టె తెచ్చి, అడిగినవాళ్ల చేతిలో పెడతారు. నీదే మతమని ఎవరూ అడగరు.

అంత నోరు విప్పి అడిగిన మనిషే ఇంటికొచ్చాక, "ఏంది అట్టుండావు?" అంటే "ఏం లేదులే, కొంచెం టెన్షన్" అని పక్కకి తిరిగి పడుకుంటాడు.

నేనూ అట్లాగే పడుకున్నదాన్ని. ఆరేళ్ల కిందట మా ఆయన, మా మరిది కలిసి కావలి దగ్గర లీజుకు తీసుకున్న రొయ్యల గుంటలో తెల్లమచ్చ తెగులు పడింది. అరవై రోజుల పంట వారం తిరక్కుండా పోయింది. ఆ తర్వాత మూడు నెలలు నాకు నిద్ర లేదు. ఎవరడిగినా టెన్షన్ అన్న ఒక్క మాటే చెప్పాను. నేను డాక్టర్ని కాదు. అప్పట్లో నాకు పనికొచ్చినవి, తర్వాత మా వీధిలో ఒకరిద్దరి పక్కన కూర్చున్నప్పుడు తెలుసుకున్నవి మాత్రం వరసగా రాస్తున్నాను.

ముందు ఒళ్లు నిదానించాలి

రాత్రి మూడింటికి గుండె దడదడ కొట్టుకుంటుంటే ఏ మంచి మాటా తలకెక్కదు. ఆపద వచ్చిందనుకుని ఒళ్లు పరుగుకు సిద్ధమైపోయింది. పాము కనబడ్డప్పుడు వచ్చే దడే ఇదీ, పాము మాత్రం లేదు. అందుకని మనసుతో వాదించే ముందు ఒంటికి నచ్చజెప్పాలి.

మంచం మీద నుంచి లేచి కూర్చోండి. పాదాలు రెండూ నేల మీద ఆనించండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. వదిలేది పీల్చినదాని కంటే పొడుగ్గా ఉండాలి, కిటుకంతా అక్కడే ఉంది. గాలి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది. ఇట్లా ఓ ఐదు నిమిషాలు చేయండి. రొమ్ము పగిలేట్టు పీల్చొద్దు, కళ్లు తిరుగుతాయి.

అంకెలు కూడా లెక్కపెట్టలేనంత గాబరాగా ఉంటే చుట్టూ చూసి కనబడే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. ఫ్యాను, క్యాలెండరు, నీళ్ల బిందె, చెప్పులు, తలుపు గడియ. తర్వాత వినబడే నాలుగు శబ్దాలు. చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది గానీ, రేపటి మీదికి పరిగెత్తే మనసును ఈ గదిలోకి లాక్కొస్తుంది. భయం ఒక్కసారిగా ముంచెత్తే ఇలాంటి గాబరా మామూలుగా పది నిమిషాల్లో పైకెక్కి, ఆ తర్వాత దిగడం మొదలుపెడుతుంది. దిగుతుందని ముందే తెలిస్తే సగం భయం తగ్గుతుంది. కానీ ఛాతీలో నొప్పి మొదటిసారి వచ్చినా, చెయ్యి లాగుతున్నా, చెమటలు పోస్తున్నా అది మనసుదేనని సరిపెట్టుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. గుండె పరీక్ష అయ్యాకే మిగతా మాట.

ఇంకో రెండు చిన్న సంగతులు. సాయంత్రం ఆరింటికి తాగిన టీలోని కెఫీన్‌లో దాదాపు సగం రాత్రి పదకొండుకు కూడా ఒంట్లోనే ఉంటుంది. నిద్ర పట్టనివాళ్లు మధ్యాహ్నం తర్వాత టీ మానేసి వారం రోజులు చూడండి. మందు తాగితే నిద్ర పడుతుందనే మగవాళ్లకు కూడా ఒక మాట. మందు నిద్రలోకి దింపుతుంది, తెల్లవారుజామున నడిమధ్యలో లేపేస్తుంది, మర్నాడు దిగులును ఇంకాస్త పెంచుతుంది.

టెన్షన్ అనే మూట విప్పండి

నా అనుభవంలో అన్నిటికంటే పనికొచ్చిన మెట్టు ఇదే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

టెన్షన్ అంటే మూట. ఎవరైనా మూట చూపించి "ఇది కావాలి" అంటే ఏ రొట్టె ఇస్తారు? విప్పితే లోపల ఏముందో తెలుస్తుంది. మన తెలుగులో ఒక్కో బాధకు ఒక్కో పేరుంది, ఒక్కో పేరుకు ఒక్కో మందుంది.

బెంగ అంటే మనిషి దూరమైనందుకు పుట్టేది. హాస్టల్లో చేరిన పిల్లాడికి, కువైట్‌లో ఉన్న భర్త కోసం భార్యకు, బెంగళూరులో బిడ్డలున్న ముసలివాళ్లకు ఉండేది బెంగ. దానికి మందు ఆ మనిషి గొంతు. రోజూ ఒకే వేళకు ఫోన్ వస్తుందన్న నమ్మకం ఉంటే బెంగ చాలావరకు అణుగుతుంది.

భయం రాబోయేదాని గురించి. దానికి మందు వివరం. ఏం జరగొచ్చు, జరిగితే ఏం చేస్తాం అన్నది తెలియాలి.

దిగులు పోయినదాని గురించి. దానికి తొందరపెట్టే మందు లేదు. ఏడవనివ్వాలి, పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

నామోషీ అంటే నలుగురిలో తల కొట్టేసినట్లు ఉండటం. పొగాకు వేలానికి తీసుకెళ్లిన బేళ్లు ఎవరూ పాడక నోబిడ్ పడి, అదే ట్రాక్టరులో వెనక్కి తెచ్చుకునే రైతుకు డబ్బు భయం ఒకటి, ఊరి నడిమధ్య నుంచి ఆ బేళ్లతో రావాల్సిన నామోషీ ఇంకొకటి. ఈ రెండోదాన్ని ఆయన ఎవరికీ చెప్పడు. ఇంట్లోవాళ్లేమో మొదటిదానికే సమాధానం చెబుతూ ఉంటారు: "డబ్బుదేముంది, మళ్లీ సంపాదించుకోవచ్చు." ఆ మాట ఆయనకు తగలదు, ఎందుకంటే గాయం ఉన్నది వేరేచోట.

చిన్నతనం అంటే తోడికోడలి ముందు, బాగా చదివిన బావమరిది ముందు తాను తక్కువ అనిపించడం. అభద్రత అని పుస్తకాల్లో రాసేదాంట్లో ఎక్కువ భాగం ఇదే. ఉక్రోషం అంటే తప్పు మనది కాకపోయినా మాట పడాల్సి వచ్చినప్పుడు లోపల మండేది.

మా పిన్ని ఒకరోజు వంటింట్లో నన్ను కూర్చోబెట్టి, "అమ్మణ్ణీ, నీకు అప్పు భయమా, లేకపోతే నీ మొగుడు ఏమైపోతాడోనని భయమా?" అని అడిగింది. మూడు నెలల్లో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు, నేనూ వేసుకోలేదు. రెండోదే అని నోట్లోంచి వచ్చేసింది. ఆ రాత్రి నుంచి నేను చేయాల్సిన పని మారిపోయింది. వడ్డీ లెక్కలు వేసుకోవడం ఆపి, ఆయన ఒంటరిగా గుంటల వైపు పోకుండా మా మరిదిని తోడు పంపడం మొదలుపెట్టాను.

మీరూ ఒక కాగితం తీసుకుని "నాకు ..." అని మొదలుపెట్టి ఆ ఖాళీలో టెన్షన్ అనే మాట లేకుండా వాక్యం పూర్తిచేయండి. మొదటిసారి రాదు. నాలుగైదు కొట్టివేతలయ్యాక అసలుది వస్తుంది.

కాగితం మీద పెట్టాల్సినవి

భయం డబ్బు గురించైతే ఎవరికెంత ఇవ్వాలి, వడ్డీ ఎంత, గడువెప్పుడు అనేది మొత్తం ఒకేచోట రాయండి. తలలో తిరిగే అప్పు ప్రతి రాత్రీ పెరుగుతుంది, కాగితం మీది అప్పు పెరగదు. రాశాక రేపు మీ చేతులతో చేయగలిగిన పని ఒక్కటి మాత్రం గీత గీసి పెట్టుకోండి: బ్యాంకు మేనేజరును కలిసి గడువు అడగడమో, ఫీడు కొట్టు అతనికి మనమే ముందుగా ఫోన్ చేయడమో. వాతావరణం, రొయ్యల కౌంటు ధర, జనం నోళ్లు మీ చేతిలో లేవు. అవి కాగితం వెనక్కి.

ఆలోచనలు రోజంతా కుమ్ముతుంటే వాటికొక వేళ పెట్టండి. సాయంత్రం ఐదున్నర నుంచి ఇరవై నిమిషాలు, అరుగు మీద కూర్చుని, కావాలని బాధపడండి. మిగతా వేళల్లో ఆలోచన వస్తే "ఐదున్నరకు రా" అని చిన్న చీటీ మీద రాసి పక్కన పెట్టండి. ఆలోచించొద్దు అంటే మనసు వినదు, తర్వాత ఆలోచిద్దాం అంటే కొంచెం వింటుంది. అప్పట్లో నేను చూపించుకున్న ఒక డాక్టరు "ఆలోచించడం మానెయ్యమ్మా" అని పంపేశారు. మానేయడం చేతనైతే ఆయన దగ్గరికి పోయేదాన్నే కాదు.

పోల్చుకునే జబ్బు

పెళ్లిళ్లలో, వాట్సాప్ స్టేటస్‌లలో ఇది ముదురుతుంది. ఎదుటివాళ్ల ఇంటి ముందు గది మన ఇంటి వెనక గదితో పోల్చుకుంటాం. ఎవరి స్టేటస్ చూశాక మీకు చిన్నతనం అనిపిస్తుందో ఆ రెండు మూడు పేర్లను మ్యూట్ చేయండి. వాళ్లకు తెలియదు, బంధుత్వం చెడదు.

భార్యాభర్తల మధ్య అభద్రతకు ఇంకో రూపం ఉంది. "నా మీద కోపమా?", "ఎందుకు ఫోన్ ఎత్తలేదు?", "నిజంగా బాగానే ఉన్నావా?" అని మళ్లీ మళ్లీ అడగడం. జవాబు రాగానే కాసేపు చల్లగా ఉంటుంది, గంటకు మళ్లీ అడగాలనిపిస్తుంది. అడిగేకొద్దీ అనుమానానికి బలం పెరుగుతుంది. అడగాలనిపించినప్పుడు పదిహేను నిమిషాలు ఆగి చూడండి. మర్నాడు అరగంట. ఆగినా కొంప మునగలేదని మనసుకు అనుభవంలో తెలియాలి, ఎదుటివాళ్లు చెబితే తెలియదు.

ఎవరిని అడగాలి, ఎట్లా అడగాలి

అందరికీ చెప్పనవసరం లేదు. ఒక్కరు చాలు. ఎక్కువ ప్రేమ ఉన్నవాళ్లకంటే, చెప్పింది విని కంగారుపడకుండా ఉండేవాళ్లు, మాట దాచుకునేవాళ్లు మేలు. అమ్మకు చెబితే అమ్మ మనకంటే ఎక్కువ ఏడుస్తుందనుకుంటే అమ్మ ఈ పనికి కాదు. మేనత్తో, పాత స్నేహితురాలో, పనిచేసే చోట పెద్దాయనో అయి ఉండొచ్చు.

అడిగేటప్పుడు ఏ రొట్టె కావాలో చెప్పండి. "అక్కా, సలహా వద్దు, పది నిమిషాలు విను." "మామా, డబ్బు అడగట్లేదు, రేపు బ్యాంకుకు నాతో రా." "రాత్రి పదింటికి నాకొక మెసేజ్ పెట్టు, చాలు." ఇట్లా అడిగితే ఎదుటివాళ్లకు కూడా తేలిక. మనవాళ్లలో చాలామందికి సాయం చేయాలనే ఉంటుంది, ఏం చేయాలో తెలియక ఉపన్యాసం ఇస్తారు.

ఒకరికొకరు చెప్పుకోవడం వల్ల ఏమవుతుందో మన జిల్లాకు తెలుసు. 1992లో దూబగుంటలో చదువు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు సారా వల్ల తమ ఇళ్లలో ఏం జరుగుతోందో ఒకరి ముందు ఒకరు బయటపెట్టుకున్నారు. ఎవరింటి బాధ వాళ్లే మింగుకుంటున్నంత కాలం అది వాళ్ల తలరాత. నలుగురూ చెప్పుకున్నాక అది సారా అంగడి మూయించే పనయింది. 1993లో రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

ఇక పక్కవాళ్ల సంగతి

మా ఎదురింటి అబ్బాయి నెల్లూరులో ఇంటర్ హాస్టల్లో ఉండేవాడు. సంక్రాంతికి వచ్చి, కనుమ దాటినా పోనంటున్నాడు. వాళ్ల నాన్న "లక్షన్నర కట్టాను, నీకేం తక్కువైంది?" అని అరుస్తున్నాడు. పిల్లాడు అన్నం ముందు కూర్చుని కలుపుతాడే గానీ తినడు.

నేను వాణ్ని మిద్దె మీదికి వడియాలు తీయడానికి సాయం రమ్మన్నాను. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే పిల్లలు, మగవాళ్లు మూసుకుపోతారు. పక్కపక్కన ఏదో పని చేస్తుంటే మాట వస్తుంది. పొలం గట్టున నడుస్తున్నా, స్కూటరు మీద పోతున్నా ఇంతే.

"ఏం అబ్బయ్యా, అక్కడ రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అన్నాను.

"లేదత్తా."

నేనేం మాట్లాడలేదు. ఎంతసేపో తెలియదు, వడియాలు ఒక చేట నిండింది.

"వారం వారం మార్కులు గోడకు అంటిస్తారత్తా. నా పేరు కిందికి పోతా ఉంది. నాన్న చూస్తే..."

"నాన్న తిడతాడని భయమా?"

"తిడితే పర్లేదు. అప్పు చేసి కట్టాడు."

మాట వచ్చేదాకా ఊరుకోవడం నేర్చుకోవాలి, అదే కష్టం. మౌనం మనకు ఇబ్బందిగా ఉండి ఏదో ఒకటి అనేస్తాం. "ధైర్యంగా ఉండు", "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా", "మా కాలంలో లాంతరు కింద చదివాం". మనకు అవి ఓదార్పు మాటలు. వాడికి మాత్రం "నీ బాధ లెక్కలోకి రాదు" అని వినపడుతుంది. వాడు చెప్పింది వాడి మాటల్లోనే తిరిగి చెప్పండి: "నాన్న అప్పు చేశాడని నీ మీద బరువుగా ఉంది." తప్పయితే వాడే సరిదిద్దుతాడు, సరిదిద్దుతూ ఇంకొంచెం చెబుతాడు.

రహస్యం అడిగితే అన్నిటికీ ఒట్టు వేయకండి. "ప్రాణం మీదికి వచ్చేదైతే మాత్రం దాచను, నిన్ను అడిగే చెబుతాను" అనండి. వాళ్ల నాన్నతో నేను మాట్లాడతానని వాడి ఒప్పుకోలు తీసుకున్నాకే ఆయన దగ్గరికి వెళ్లాను. "అన్నా, వాడికి నీ అప్పు భారం తెలుసు. అదే వాణ్ని తినేస్తోంది" అన్నాను. ఆయన చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు.

తిన్నగా అడగాల్సిన ప్రశ్న

"నేను లేకపోతే మీకు హాయి", "ఇంకెన్నాళ్లులే" అనే మాటలు వచ్చినా, ఉన్నట్టుండి వస్తువులు పంచిపెడుతున్నా, రోజుల తరబడి కుంగిపోయిన మనిషి అకారణంగా ప్రశాంతంగా మారినా తిన్నగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. లోపల ఉన్నవాళ్లకు అడిగినందుకు ఊపిరి ఆడుతుంది.

అవునంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు, ఎక్కువ మోతాదులో ఉన్న మాత్రలు ఆ పూటే వేరే ఇంటికి చేర్చి తాళం వేయించండి. మన పల్లెల్లో ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని. ఆ ఉద్రేకం చాలామందిలో ఎక్కువసేపు నిలవదు, ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే మనిషి దక్కుతాడు. అసలు పిచికారీ మందు మంచం కింద, వంటింటి అటక మీద పెట్టే అలవాటు ఈ రోజే మానండి.

మనసు బాధల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, టెలీ మానస్, నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. రోజంతా, రాత్రంతా పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. బాధలో ఉన్నవాళ్లే కాదు, పక్కన ఉండి ఏం చేయాలో తోచనివాళ్లు కూడా చేయొచ్చు. ఎవరైనా ఇప్పటికే ఏదైనా మింగి ఉంటే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేసి, ఆ డబ్బా కూడా ఆసుపత్రికి పట్టుకెళ్లండి, ఏ మందో డాక్టరుకు తెలియాలి. కేసవుతుందని భయపడి ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, ఆ పనికి శిక్షించకూడదు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, పని మీద ఆసక్తి తిరిగి రాకపోతే వెళ్లాలి. కాన్పయిన రెండు వారాల తర్వాత కూడా తల్లి ఏడుస్తూనే ఉంటే, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోతే ఇక ఆలస్యం చేయకుండా వెళ్లాలి. దాన్ని బాలింత గారాబం అని కొట్టిపారేసే అత్తలను చూశాను, బాధేస్తుంది.

నెల్లూరు పెద్దాసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. థైరాయిడ్, రక్తహీనత వల్ల కూడా మనిషి ఇలాగే నీరసించి కుంగిపోవచ్చు, కాబట్టి రక్తపరీక్ష రాస్తే విసుక్కోకండి. మీ సంగతి నాలుగు ముక్కల్లో రాసుకుని వెళ్లండి: ఎప్పటి నుంచి, ఎన్ని గంటల నిద్ర, ఏం తింటున్నారు, ఏ మాత్రలు వాడుతున్నారు. కుర్చీలో కూర్చోగానే అన్నీ మర్చిపోతాం. కుంగుబాటుకు ఇచ్చే మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. వారానికే తగ్గలేదని మానకండి, తగ్గిందని మీ అంతట మీరే ఆపకండి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోవద్దు. నేను కొనుక్కున్నాను, మానడానికి నెలలు పట్టింది.

పక్కన నిలబడేవాళ్ల కోసం

ఒకరి దిగులు రోజూ వింటే మనకూ పట్టుకుంటుంది. మీరు ఒక్కరే మోయకుండా ఇంకో మనిషిని కలుపుకోండి. పగలు మీరు, రాత్రి వాళ్ల చిన్నాన్న. అర్ధరాత్రి ఫోన్ ఎత్తలేకపోతే ఎత్తలేనని ముందే చెప్పి 14416 వాళ్ల ఫోన్‌లో సేవ్ చేసివ్వండి.

ఒకసారి మాట్లాడి వదిలేయకండి. గండం గడిచాక అందరూ పోతారు, రెండో వారం, మూడో వారం మనిషి ఒంటరవుతాడు. అప్పుడు వెళ్లండి. చెప్పడానికి ఏమీ లేకపోతే చేతిలో ఓ గిన్నె పులుసు పట్టుకెళ్లండి. ఎదురింటి అబ్బాయి ఇప్పుడు కావలిలోనే ఇంటి నుంచి పోయి చదువుకుంటున్నాడు. ఆదివారాల్లో మిద్దె మీదికి వస్తాడు. కొన్నిసార్లు మాట్లాడతాడు, కొన్నిసార్లు వడియాలు తీసి పోతాడు.